ఎవరు చెప్పిన్రు?

మొన్న డోర్నకల్ స్టేషన్లో మానుకోట వైపు పోయే ప్యాసింజరు కోసం కూర్చున్నాను. మానుకోట అంటే మహబూబాబాదే, మా నోట పాత పేరే పలుకుతుంది. బండి ఆలస్యం. పక్క బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె ఒళ్ళో పసిపిల్ల. రెండో ఆమె ఏదో చెప్తోంది. నేను పేపరు చదువుకుంటూ పట్టించుకోలేదు. ఉన్నట్టుండి పిల్ల తల్లి, "నీకెవరు చెప్పిన్రు?" అని అడిగింది.

పేపరు మడిచి తలెత్తాను. ఆ ప్రశ్న అడగని మనిషి ఉండడు. కానీ దాన్ని వడ్రంగి ఉలిని వాడినట్టు వాడిన మనిషిని ఒకామెనే చూశాను. ఆమె పోయి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి.

మానుకోటలో మా జిల్లా గ్రంథాలయానికి ఎదురు సందులో నాది జిరాక్స్ దుకాణం. పదో తరగతితో నా బడి అయిపోయింది. మిగతా చదువంతా ఆ గ్రంథాలయంలోనే. విజ్ఞానశాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని మా లైబ్రేరియన్ సారు కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్తుంటాడు. ఆయన మరిచిపోతే నేనే గుర్తు చేస్తాను.

ఆమె మొదటిసారి వచ్చిన రోజు నేను రోగనిరోధక శక్తి మీద ఒక తెలుగు పుస్తకం చదువుతున్నాను. ఎవరో పెద్దామె, నూలు చీర, కుడి చేతికి గడియారం, దాని ముఖం మణికట్టు లోపలి వైపుకు. అడగకుండానే నా చేతుల్లోంచి పుస్తకం తీసుకుంది. వెనక అట్ట నుంచి తెరిచింది. చివరి పేజీలు నాలుగు తిప్పి, "ఈయనకు ఎవరు చెప్పిన్రో రాయలేదు తమ్మీ" అని తిరిగి ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. నేను దానిలోంచి ఒక కాగితం నిండా రాసుకున్నాను మరి.

ఆమె ఏ పుస్తకాన్నైనా అలాగే తెరిచేది, వెనక నుంచి. రాసినవాడు ఎవరెవరి దగ్గర విన్నాడో అక్కడ ఉంటుందని ఆమె లెక్క. ముందు వాళ్ళను చూసి, తర్వాత ఈయన మాట వినాలో లేదో తేల్చుకునేది. మనుషులతో కూడా అంతే. మనం ఏదైనా చెప్తుంటే బొటనవేలితో చూపుడువేలిని రుద్దుతూ వినేది, బట్టల దుకాణంలో గుడ్డ పోగు చూసినట్టు. అయిపోయాక అడిగేది: "ఎవరు చెప్పిన్రు?" పేరు చెప్పగానే ఇంకో ప్రశ్న: "ఆయనకెవరు చెప్పిన్రు?"

ఒకసారి మా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఉద్యోగాలు పడ్డాయని పుకారు లేచింది. అందరూ పుస్తకాలు మూసి బస్టాండుకు బయల్దేరబోయారు. ఆమె కూర్చున్న చోట నుంచి కదలకుండానే ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది. ఆ మాట చాయ్ హోటల్ దాకా, అక్కణ్ణుంచి కేసముద్రం మార్కెట్టుకు వచ్చే ఒక లారీ డ్రైవరు దాకా పోయింది. ఎవరో ఆయనకు ఫోను చేశారు. ఆయన చెప్పిందల్లా, భూపాలపల్లిలో ఉన్న తన బావమరిది ఈసారైనా ఉద్యోగాలు పడితే బాగుండునని అనుకుంటున్నాడని. పిల్లలు మళ్ళీ పుస్తకాలు తెరిచారు. ఆమె పల్లీలు ఒలుచుకుంటూ ఉండిపోయింది. ఒలిచిన పొట్టును పేపరు మీద చిన్న కుప్పలుగా పెట్టడం ఆమెకు అలవాటు. ఎందుకని అడిగితే తనకూ తెలియదని నవ్వింది.

డోర్నకల్ రైల్వే క్వార్టర్సులో గ్యాంగ్‌మన్ కూతురిగా పుట్టిందని, హైదరాబాదులో ఏదో పెద్ద ప్రయోగశాలలో రిటైరై మళ్ళీ డోర్నకల్‌కే వచ్చిందని మాకు మెల్లగా తెలిసింది. పొద్దున ప్యాసింజరుకు వచ్చి సాయంత్రం బండికి పోయేది. డాక్టరేటు ఉందని తెలిశాక డాక్టరమ్మ అన్న పేరు పడిపోయింది. దాంతో జనం నాలుకలు చాపి చూపించడం మొదలైంది. "నేను గా డాక్టర్ను కాదు బిడ్డా, దవాఖానకు పో" అని అందరికీ ఒకే జవాబు. మా గ్రంథాలయంలో ఊడ్చి తుడిచే మంగ్లి అక్క మాత్రం రోజూ మోకాలు చూపించేది. డాక్టరమ్మ ఆమె దోసిట్లో ఇన్ని పల్లీలు పోసేది. మోకాలికి అదే మందని మంగ్లి అక్క అందరికీ చెప్పుకునేది.

ఒకరోజు నేను గ్రంథాలయం కంప్యూటరులో ఆమె పేరు కొట్టి చూశాను. పేజీ నిండా ఆమె పరిశోధన పత్రాలు, ఒక్కోదాని పక్కన దాన్ని ఎంతమంది తమ పత్రాల్లో ఉదహరించారో సంఖ్య. కింద మొత్తం. నాకు ఛాతీ ఉబ్బింది, నేనే రాసినట్టు. ఆ సంఖ్యను దుకాణంలో పెద్ద అక్షరాలతో అచ్చు తీసి, 'మన డాక్టరమ్మను ప్రపంచంలో ఇంతమంది ఉదహరించినారు' అని రాసి గ్రంథాలయం గోడకు అంటించాను.

ఆమె వచ్చి చూసింది. వేళ్ళు రుద్దుకుంది. కుర్చీ లాక్కుని ఎక్కి మూలలు చిరగకుండా దాన్ని ఊడదీసింది.

"చెప్పినోళ్ళను లెక్కబెట్టినవు. చదివినోళ్ళ లెక్క ఏది?"

చదవకుండా ఎట్లా ఉదహరిస్తారని అడిగాను. ఒకరు ఉదహరించింది చూసి ఇంకొకరు రాస్తారని, ఆయన్ను చూసి మరొకరు రాస్తారని, అసలు పత్రం తెరిచేవాళ్ళు తక్కువని చెప్పింది. ఆ కాగితం నాకు ఇచ్చేసి, వెనక వైపు ఖాళీగా ఉంది గనుక చాయ్ చీటీలకు వాడుకోమంది. నేను మాత్రం దాన్ని దుకాణంలో కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను, ఆమెకు కనపడని వైపు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది.

మంగ్లి అక్క కూతురు సునీత గంగారం పోయే దారిలో ఒక తండాలో ఉంటుంది. ఆమెకు చిన్న బిడ్డ. ఆ బిడ్డకు తట్టు టీకా మొదటిది వేయించారు. రెండోదానికి వేళ అయింది. సునీత వద్దంది. తండాలో ఇంకా కొందరు తల్లులు కూడా వద్దన్నారు. పక్క ఊళ్ళో అప్పటికే ఇద్దరు ముగ్గురు పిల్లలకు తట్టు పోసిందని మంగ్లి అక్క చీపురు పట్టుకునే చెప్పింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే వేళాకోళం ఆరోజు లేదు.

"మన పిల్లలకు గా టీక పట్టదంట డాక్టరమ్మా. అడివి దిక్కు పిల్లల రక్తమే గట్లనంట. పట్టని సూది ఎందుకు పొడిపియ్యాలె అంటది నా బిడ్డ."

"ఎవరు చెప్పిన్రు?"

సునీతకు అంగడిలో మందుల దుకాణం నడిపే ఒకాయన చెప్పాడు. ఆయనకు ఎవరు చెప్పారని మంగ్లి అక్క ఫోనులోనే కనుక్కుంది. ఆయన ఒక వీడియో చూశాడు. ఆ వీడియో సునీత ఫోనుకూ వచ్చింది, మంగ్లి అక్క ఫోనుకూ వచ్చింది. ఆమె దాన్ని తెరిచి డాక్టరమ్మ చేతికిచ్చింది. ఎవరో గడ్డపాయన గట్టిగా మాట్లాడుతూ, సాక్ష్యంగా ఒక ఇంగ్లీషు పత్రంలోని పేరాను చూపిస్తున్నాడు. ఒక వాక్యం కింద ఎర్ర గీత. వాక్యం చివర బ్రాకెట్లో పేర్లు.

డాక్టరమ్మ ఫోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. వీడియో ఆపింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పల్లీల పొట్టు కుప్పలన్నీ మోచేయి తగిలి చెదిరిపోయాయి. బ్రాకెట్లో ఒక పేరు ఆమెది.

మధ్యాహ్నమంతా నా దుకాణంలో కూర్చున్నాం. వీడియోలో ఉన్న పత్రాన్ని కంప్యూటరులో పట్టుకున్నాను. అది ఇంకో పత్రాన్ని చూసి రాసింది. ఆ రెండోది ఆమె పత్రాన్ని చూసి రాసింది. పుకార్ల వెంట పోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను గనుక నాకు హుషారుగానే ఉంది. ఆమె మాత్రం గడియారాన్ని మణికట్టు చుట్టూ తిప్పుతూ కూర్చుంది. చివరికి ఆమె పత్రం అచ్చు తీసి చేతికిస్తే తీసుకోలేదు.

"నువ్వు చదువు తమ్మీ. నేను చదివితే నాకు కావల్సినట్టే చదువుకుంట."

అప్పుడు అర్థమైంది ఆమెకు దేనికి భయమో. రాసి ఏళ్ళయింది. తనే అట్లా రాసిందేమో తెలియదు. ఆ సంఖ్యల పేజీలో అన్నిటికంటే ఎక్కువమంది ఉదహరించింది కూడా ఆ పత్రాన్నే.

గ్రంథాలయం నుంచి నిఘంటువు తెచ్చుకున్నాను. ముందు సారాంశం చదివాను, ఒక్కో మాటకు అర్థం చూసుకుంటూ. ఈ ప్రాంతపు తండాల్లో, గూడేల్లో కొందరు పిల్లలకు తట్టు టీకా మొదటి డోసు తర్వాత రక్తంలో కావలసినంత రక్షణ తయారుకాలేదు అని ఉంది. అక్కడితో సారాంశం అయిపోయింది. ఆమె తల దించుకుంది. నేను ఆపకుండా లోపలి పేజీల్లోకి పోయాను. బాగా లోపల, ఒక బొమ్మ కింద ఉంది ఆ వాక్యం: అదే పిల్లలకు రెండో డోసు తర్వాత దాదాపు అందరిలో రక్షణ తయారైంది.

"మళ్ళ చదువు."

మళ్ళీ చదివాను. ఆమె గడియారం వదిలేసింది. గోడకు ఆనుకుని ఊపిరి వదిలి, చాయ్ చెప్పమంది.

"నేను అనలేదు తమ్మీ. పట్టదని నేను అనలేదు."

ముగ్గురి పత్రాలనూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి చూశాం. ఆమె పత్రంలో 'కొందరు పిల్లలకు, మొదటి డోసు తర్వాత' అని ఉంది. రెండోదానిలో మొదటి డోసు అన్న మాట లేదు. మూడోదానిలో కొందరు అన్నది కూడా పోయింది. వీడియోకు వచ్చేసరికి అడవి దిక్కు పిల్లలు, రక్తం, పట్టదు, అంతే మిగిలాయి. ఎవరూ ఏమీ కలపలేదు. చేతులు మారినప్పుడల్లా ఒక మాట రాలింది.

చాయ్ సగం తాగాక ఆమె సారాంశం మీద వేలు పెట్టింది. "మొదలు రాల్చింది నేనే. సారాంశం గింతనే ఉండాలంటరు. జాగ సరిపోక రెండో డోసు మాట నేనే కోసిన. లోపల ఉంది గదా, చదువుతరు అనుకున్న."

మర్నాడు పొద్దున మంగ్లి అక్క, ఆమె, నేను ఆటోలో తండాకు పోయాం. దారి పొడుగునా మక్కచేన్లు. ఆమె తన పత్రాన్ని చుట్టి చేతిలో పట్టుకుంది గానీ ఒక్కసారి కూడా విప్పలేదు. సునీత బిడ్డను చంకన వేసుకుని వాకిట్లో నిలబడింది. కూర్చోమనలేదు. తల్లితో వాళ్ళ భాషలో ఏదో అంది. మంగ్లి అక్క తల అడ్డంగా ఊపింది. తర్వాత సునీత తెలుగులోకి మారి డాక్టరమ్మను నిలదీసింది. మొదటి సూదికి బిడ్డ జ్వరంతో ఏడ్చి ఏడ్చి పడుకుందని, అదే పట్టకపోతే రెండోది ఎట్లా పడుతుందని అడిగింది. పట్టదని రాసిన కాగితంలో నీ పేరే ఉందట కదా అని కూడా అడిగింది. మంగ్లి అక్క ముందురోజే ఫోనులో చెప్పేసినట్టుంది.

"ఉంది. నేనే రాసిన. కొందరికి మొదటిది పట్టలేదని రాసిన. అదే పిల్లలకు రెండోది పట్టిందని గూడ రాసిన. అది ఎవరు చదవలే."

సునీత ఒక అడుగు ముందుకు వచ్చింది. "నా చిన్నప్పుడు ఒక జీపు రెండు మూడుసార్లు వచ్చింది మా తండకు. మా తమ్మునికి రక్తం తీసిన్రు. పిల్లలందరికి బిస్కెట్ పుడలిచ్చిన్రు. మల్ల ఎవరు రాలే. రక్తం తీస్కపోయినోళ్ళు ఏం తేలిందో మాకు చెప్పద్దా? గా రక్తమేనా నీ కాగితంల ఉన్నది?"

ఆ జీపులో డాక్టరమ్మ లేదు. ఆమె దగ్గరకు వచ్చింది నంబర్లు అంటించిన సీసాలు. ఏ సీసా ఏ తండాదో ఆమెకు తెలియదు. ఆ సంగతే చెప్తుందని అనుకున్నాను. చెప్పలేదు. వాకిట్లో ఉన్న నులకమంచం పట్టె మీద తనంతట తానే కూర్చుంది.

"అయి ఉండొచ్చు బిడ్డా. అందరికంటె ముందు మీకే చెప్పేది ఉండె. లోకమంతటికి చెప్పినం, మీకు చెప్పలే. ఇప్పుడు చెప్పనీకి వచ్చిన."

తర్వాత ఆమె చెప్పింది నేను బీరువా మొత్తం చదివి కూడా అంత సుళువుగా విననిది. పొట్టలో ఉన్నప్పుడే తల్లి తన రక్షణలో కొంత బిడ్డకు ఇస్తుందని, అది చేను కాడి కావలి మనిషి లాంటిదని మొదలుపెట్టింది. "మొదటి సూది పొడిసే యాళ్ళకు కొందరు పిల్లల్ల తల్లి కావలి ఇంక దిగి ఉండదు. టీకను గూడ దొంగనే అనుకుంటది. ఒడ్డుమీదనే ఆపుతది. గందుకే పట్టదు. ఎదిగినకొద్ది తల్లి కావలి దిగిపోతది. అప్పుడు రెండో సూది పొడిస్తే చేన్లకు పోతది. బిడ్డ సొంతంగ కావలి పెట్టుకుంటది. తండ పిల్లలకే కాదు, ఏ ఊరి పిల్లలకైన గింతే. రక్తం తప్పు గాదు."

"మా తమ్మునికి పట్టిందా మరి?"

"నీ తమ్ముడు ఏ నంబరో నాకు తెల్వది. అబద్ధమెందుకు చెప్పాలె. దాదాపు అందరికి పట్టింది. వానికి గూడ పట్టే ఉంటది."

వానికి పట్టింది అని ఒక్క మాట అంటే పని అయిపోయేది. నేను లోలోపల గింజుకున్నాను. కానీ సునీత ముఖం మెత్తబడింది అక్కడే, తెలియదని ఆమె చెప్పిన చోట. బిడ్డను చంక మార్చుకుని, లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, "గీ ముచ్చట మల్ల ఒకసారి చెప్పు, ఎనకింటోళ్ళను పిలుస్త" అంది.

డాక్టరమ్మ చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది, చుట్టూ తల్లులు కూర్చున్నాక. ఈసారి ఒక పని ఎక్కువ చేసింది. ఒక్కొక్కరితో తిరిగి చెప్పించింది. ఎవరైనా 'కొందరికి' అన్న మాట వదిలేస్తే ఆపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేది. 'మొదటిది' అన్నది వదిలినా ఊరుకోలేదు. ఒక ముసలామెకు విసుగొచ్చి, మాకు బడి పెట్టినవా ఏంది అని అడిగింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ ముసలామెతో కూడా చెప్పించే వదిలింది.

ఆ వారమే నర్సమ్మ తండాకు వచ్చినప్పుడు సునీత బిడ్డ రెండో సూది వేయించుకుంది. గుక్కపట్టి ఏడ్చింది. డాక్టరమ్మ కూడా అక్కడే ఉంది, వద్దన్నా వినకుండా పొద్దున బండికే వచ్చి. ఏడ్చే పిల్లను చూసి ముఖమంతా నవ్వుతో నిలబడిన మనిషిని చూసి నర్సమ్మకు కోపం వచ్చింది. కొన్నాళ్ళకు తట్టు ఆ తండా దాకా వచ్చింది. రెండో సూది వేయించుకోని ఇంట్లో ఒక పిల్లవాడికి పోసి, దేవుడి దయ, తగ్గిపోయింది. సునీత బిడ్డ జోలికి రాలేదు. ఆ కబురు మంగ్లి అక్క మోసుకొచ్చిన రోజు డాక్టరమ్మ గ్రంథాలయంలో ఉన్న అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. ఆమెకు ఏదో అవార్డు వచ్చిందని పిల్లలు అనుకున్నారు. ఎవరు చెప్పిన్రు అని ఆమె ఆరోజు అడగలేదు.

తప్పుగా రాసిన ఇద్దరికీ ఆమె ఉత్తరాలు రాసింది. ఒకరు సరిదిద్దుతామన్నారు, ఒకరు పలకలేదు. వీడియో ఇంకా తిరుగుతూనే ఉందని అప్పుడప్పుడు చింతించేది.

ఆమె పోయినప్పుడు డోర్నకల్‌లో చర్చిలో ప్రార్థన పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన ఆమె ఎన్ని పత్రాలు రాసిందో, వాటిని ఎంతమంది ఉదహరించారో చదివాడు. నా పక్కన కూర్చున్న మంగ్లి అక్క మోచేత్తో పొడిచి, గంతమంది ఎవరని అడిగింది. ఆమె మాటను చెప్పినవాళ్ళని చెప్పాను.

"మా సునీతను లెక్కబెట్టిన్రా?"

లేదన్నాను. మంగ్లి అక్క మూతి తిప్పుకుంది.

ఇదంతా గుర్తుకొచ్చింది మొన్న ప్లాట్‌ఫారం మీద, ఒక్క ప్రశ్న చెవిన పడ్డందుకు. పిల్ల తల్లి ఎవరు చెప్పిన్రని అడిగితే రెండో ఆమె, "మా వదినె" అంది. వదినెకు ఎవరు చెప్పారట? పత్తి ఏరే కాడ కలిసిన ఒక తండా ఆమె చెప్పిందట. ఆ తండా ఆమెకు ఎవరు చెప్పారో ఈమెకు తెలియదు.

"ఏం చెప్పిందో మల్లొకసారి చెప్పు," అంది తల్లి.

నేను పేపరు పక్కన పెట్టి, ముందుకు వంగి విన్నాను. నా వేళ్ళు వాటంతటవే రుద్దుకుంటున్నాయి.

"తట్టు టీక కొందరు పిల్లలకు మొదటిది పట్టదంట. తల్లి కావలి దిగి ఉండదంట గదా, గది ఆపుతదంట. గందుకని రెండోది తప్పక ఏపియ్యాలె. రెండోది దాదాపు అందరికి పడ్తదంట. ఏ ఊరి పిల్లలకైన గింతేనంట."

కొందరు ఉంది. మొదటిది ఉంది. దాదాపు కూడా ఉంది. ఇన్ని చేతులు మారి వచ్చినా ఒక్కటీ రాలలేదు. బెంచీకి వెనక్కి ఆనుకుని ఊపిరి వదిలాను, ఆరోజు ఆమె నా దుకాణం గోడకు ఆనుకున్నట్టు.

అంత శ్రద్ధగా వింటున్నానని గమనించినట్టున్నారు. పిల్ల తల్లి నా వైపు తిరిగి, ఇది నిజమేనా అన్నా అని అడిగింది. నిజమే అక్కా అన్నాను. ఆమె అంతటితో వదల్లేదు.

"నీకెవరు చెప్పిన్రు?"

"మానుకోట లైబ్రరీకి ఒకామె వస్తుండె. ఆమె చెప్పింది."

"డాక్టరా?"

"గా డాక్టర్ కాదు," అన్నాను. బండి అప్పుడే వచ్చింది.